ఇంజిన్ వేడెక్కితే నీళ్ల దారి పట్టుకుని వెళ్లాలి
(వార్షిక సభలో పడవ పనివారి తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వారానికి ఒక్క సెలవు. ఆ ఒక్క రోజూ నిద్ర మానుకుని, బట్టలు ఉతుక్కునే పని పక్కన పెట్టి, ముసఫ్ఫా నుంచీ అజ్మాన్ నుంచీ బస్సులు మారి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. కాబట్టి సోది పెట్టం. మేము నలుగురం. ఇద్దరం క్రూ బోట్ల మీద, ఒకరం చేపల లాంచీ మీద, ఒకరం రిపేరు షెడ్డులో పని చేస్తున్నాం. ఈ ప్రసంగం నలుగురం కలిసి రాసుకున్నదే. చదివేది ఒక్కరైనా మాట నలుగురిదీ.

విషయం ఒక్కటే: పడవ లోపల ఉండే ఇంజిన్ వేడెక్కితే కారణం ఎలా పట్టుకోవాలి. జూన్ వచ్చిందంటే పడవ పనివాళ్ల గదుల్లో రాత్రి మాట్లాడుకునేది ఇదే. "మాది మళ్లీ వేడెక్కింది", "పంపు మార్చినా తగ్గలేదు", "కంపెనీవాళ్లు నన్నే అంటున్నారు". ఇంజిన్ పట్టేసిందంటే వేల దిర్హాముల లెక్క. ఆ లెక్క పై నుంచి దొర్లుకుంటూ దొర్లుకుంటూ చివరికి ఇంజిన్ రూములో చెమటోడుస్తున్న హెల్పరు తల మీద వచ్చి పడుతుంది. దానికంటే పెద్దది ఇంకొకటుంది, ఒంటి చర్మం. దాని గురించి ముందే చెప్పేస్తాం.

మా కళ్లముందు జరిగింది. ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఇంజిన్ వేడెక్కిందని సరంగు అరిస్తే కిందికి దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని, నీళ్ల ట్యాంకు మూత తిప్పాడు. ఆ మూత ఒత్తిడి మూత. 15 పి.ఎస్.ఐ. మూత ఉన్నచోట లోపలి నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా నీరుగానే ఉంటుంది. మూత వదులైన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరై పైకి కొడుతుంది. మెడ, ఛాతీ, కుడిచెయ్యి కాలాయి. మూడు నెలలకు ఇంటికి వెళ్లిపోయాడు. గుడ్డ చుట్టుకుంటే చాలని అతనికెవరో చెప్పారట. ఎంత మందం గుడ్డయినా చాలదు. ఇంజిన్ ఆపి, కనీసం అరగంట ఆగి, ట్యాంకు మీద చెయ్యి ఆనించి ఉంచగలిగితేనే మూత ముట్టుకోవాలి. పైనుంచి ఎవరు అరిచినా సరే.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. మనలో రెండు రకాలవాళ్లున్నారు. విశాఖ, కాకినాడ, భావనపాడు వైపు నుంచి వచ్చినవాళ్లకు పడవ కొత్త కాదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లలో చాలామంది సముద్రాన్ని ఇక్కడికొచ్చాకే చూశారు. కానీ వాళ్లకు ట్రాక్టరు తెలుసు, బావి మోటరు తెలుసు. ఆ తెలివి ఇక్కడ బాగా పనికొస్తుంది.

ట్రాక్టరుకు ముందు రేడియేటరు ఉంటుంది, ఫ్యాను గాలి లాగి దాన్ని చల్లబరుస్తుంది. పడవ పొట్టలో ఆ గాలి ఎక్కడిది? అందుకే గాలి చేసే పని సముద్రం నీళ్లతో చేయిస్తారు. ఇక్కడ నీళ్లు రెండు రకాలు. ఒకటి లోపలి నీళ్లు, అంటే కూలెంట్ కలిపినవి. ఇవి ఇంజిన్ లోపలే తిరుగుతుంటాయి, బయటికి పోవు. రెండోది ఉప్పునీళ్లు. పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి వచ్చి, సీకాక్ అనే వాల్వు దాటి, జల్లెడబుట్ట ఉన్న స్ట్రెయినరు దాటి, రబ్బరు రెక్కల పంపులోకి వస్తాయి. ఆ పంపు వాటిని హీట్ ఎక్స్ఛేంజరులోకి తోస్తుంది. అక్కడ సన్నటి గొట్టాల లోపల ఉప్పునీళ్లు, వాటి బయట ఇంజిన్ నీళ్లు. రెండూ కలవవు, గొట్టం గోడ గుండా వేడి మాత్రమే చేతులు మారుతుంది. తర్వాత ఆ ఉప్పునీళ్లు పొగ గొట్టం వంపులో పొగతో కలిసి, పొగను కూడా చల్లబరిచి, పడవ వెనక నుంచి బయట పడతాయి. పడవ వెనక బుడబుడమని నీళ్లు కక్కుతుంటుందే, అవే ఇవి.

కొన్ని పాత ఇంజిన్లలో ఉప్పునీళ్లే నేరుగా ఇంజిన్‌లో తిరుగుతాయి. కొన్ని పని పడవలకు అడుగున గొట్టాలు అమర్చి, లోపలి నీళ్లనే వాటిలో తిప్పుతారు, వాటికి ఉప్పునీళ్ల పంపు అక్కర్లేదు. ఇవాళ మనం మాట్లాడేది మొదటి రకం గురించే. మనలో ఎక్కువమంది చేతిలో ఉన్నది అదే.

ఈ సముద్రం గురించి ఒక మాట. ఆగస్టులో గల్ఫ్ పైనీళ్లు 33, 34 డిగ్రీలు ఉంటాయి. జనవరిలో అవే నీళ్లు 10 డిగ్రీలకు పైగా చల్లగా ఉంటాయి. ఉప్పు కూడా ఎక్కువ. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉంటే ఇక్కడ 40 దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. కాబట్టి గొట్టాలు సగం పూడుకుపోయిన ఇంజిన్ కూడా చలికాలంలో ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. జులై వచ్చేసరికి బయటపడుతుంది. అప్పుడు అందరూ అనే మాట, "ఎండాకాలం కదా, వేడెక్కుతుంది". మేము ఆ మాట ఒప్పుకోం. పక్కన అదే కంపెనీ ఇంజిన్ ఉన్న పడవ అదే నీళ్లలో 85 డిగ్రీల దగ్గర నిలకడగా నడుస్తుంటే, మన ఇంజిన్ మాత్రం 98 చూపిస్తుంటే, దానికి ఎండాకాలం కారణం ఎలా అవుతుంది?

సముద్రంలో ఉండగా అలారం మోగిందనుకోండి. మొదటి పని సరంగుకి, ఇక్కడి మాటలో నోఖదాకి, చెప్పడం. పక్కన రాళ్లున్నాయో, ఓడల దారి ఉందో మీకు కింద నుంచి కనబడదు. చెప్పకుండా ఇంజిన్ ఆపితే ఒక ఆపద తప్పించబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టే. రెండో పని వేగం తగ్గించి, వెనక పొగ గొట్టంలో నీళ్లు పడుతున్నాయో లేదో చూడటం. నీళ్లు అసలు పడకపోతే వీలైనంత త్వరగా ఆపెయ్యాలి. ఎందుకంటే నీళ్లు లేని పొగ రబ్బరు గొట్టాన్ని కాల్చేస్తుంది. ఆ పొగ ఇంజిన్ రూములోకి వస్తే అందులోని విషవాయువుకి వాసన ఉండదు, మనిషి నిద్రపోయినట్టే పోతాడు. నీళ్లు బాగానే పడుతుంటే కాసేపు నెమ్మదిగా తిరగనిస్తే వేడి దానంతటదే దిగుతుంది. ఆ వేడి మీద చల్లటి నీళ్లు బకెట్టుతో కుమ్మరించొద్దు. కాలిన ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే పగులు రావచ్చు.

ఇంకొక జాగ్రత్త. ఆగిపోయిన ఇంజిన్ స్టార్టు కాకపోతే, ఊరికే సెల్ఫు కొట్టీ కొట్టీ చూస్తారు. సెల్ఫు తిరిగిన ప్రతిసారీ ఉప్పునీళ్ల పంపూ తిరుగుతుంది. బయటికి తోసే పొగ లేదు గనక ఆ నీళ్లు సైలెన్సరులో నిండి, వెనక్కి ఇంజిన్‌లోకి వెళ్లగలవు. అలా కొట్టవలసి వస్తే సీకాక్ మూసి కొట్టండి. స్టార్టయిన మరుక్షణం తెరవండి. తెరవడం మరిచిపోకుండా తాళంచెవిని సీకాక్ పిడికే తగిలించే అలవాటు మా లాంచీలో ఉంది.

రేవుకి చేరాక అసలు పని మొదలవుతుంది. స్పానరు పట్టుకునే ముందు అడగాల్సింది ఒకటుంది: నిజంగా వేడెక్కిందా? మీటరు అబద్ధం చెప్పొచ్చు. తాళం తిప్పగానే, ఇంజిన్ చల్లగా ఉండగానే, ముల్లు చివరిదాకా కొట్టిందంటే చాలా మీటర్లలో అది సెన్సారు వైరు ఎక్కడో బాడీకి తగులుతున్న గుర్తు. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఇప్పుడు చేతిలో పట్టుకుని చూసే వేడి కొలిచే గన్నులు చవగ్గానే దొరుకుతున్నాయి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. థర్మోస్టాట్ గూడు మీద పెట్టి చూడండి. కానీ మెరిసే రాగి మీద, ఇత్తడి మీద, స్టీలు మీద ఆ గన్ను తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద కొలవాలి. ఈ సంగతి తెలియక మంచి ఇంజిన్‌ని చెడ్డదనీ, చెడ్డదాన్ని మంచిదనీ రాసిచ్చిన కాగితాలు చూశాం.

వేడి నిజమే అని తేలితే, ఎప్పుడు వేడెక్కుతోందో అడగండి. దీనికి జవాబు పడవ నడిపినవాడి దగ్గర ఉంటుంది, అడిగితే చెప్తాడు. హఠాత్తుగా ఒక్క నిమిషంలో ఎక్కిందంటే ఏదో అడ్డుపడింది, తెగింది, ఊడింది: ప్లాస్టిక్ సంచి, జెల్లీ చేప, బెల్టు, పంపు రెక్కలు. వారాల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చిందంటే పూడుకుపోవడం. నెమ్మదిగా పోతే బాగుండి, వేగం పెంచితేనే ఎక్కుతోందంటే నీళ్లు చాలడం లేదు, లేదా ఇంజిన్ మోయలేని బరువు మోస్తోంది. ఈ మూడు మాటలు తెలుసుకోకుండా సామాను మార్చడం మొదలుపెడితే జేబు ఖాళీ కావడమే మిగులుతుంది.

ఇక నీళ్ల దారి పట్టుకుని వెళ్దాం. సముద్రం నుంచి మొదలు.

సీకాక్ తెరిచే ఉందా? నవ్వకండి. రిపేరుకి మూసి, తెరవడం మరిచిపోయిన పడవలు ప్రతి ఏడాదీ వస్తాయి. పిడి తిరుగుతున్నా లోపలి బంతి తిరగని పాత వాల్వులూ ఉంటాయి. పడవ అడుగున ఆ రంధ్రానికి పెంకులూ పాచీ పట్టి ఉండొచ్చు. స్ట్రెయినరు మూత తీసి, సీకాక్ కొద్దిగా తెరిస్తే నీళ్లు ఉధృతంగా పొంగాలి. స్ట్రెయినరు నీటిమట్టానికి కింద ఉన్న పడవల్లో మాత్రమే ఈ పరీక్ష చెయ్యండి. పక్కన సరిపోయే చెక్క బిరడా పెట్టుకుని చెయ్యండి. సన్నగా వస్తే తప్పు పడవ అడుగునే ఉంది, ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనక్కర్లేదు.

తర్వాత స్ట్రెయినరు. బుట్ట కడగడం అందరికీ తెలుసు. బుట్ట కడిగాక మూత కింద రబ్బరు వాషరు సరిగ్గా కూర్చుందా లేదా చూసేవాళ్లు తక్కువ. ఇక్కడే జగిత్యాల తమ్ముడొకతను మమ్మల్ని ఆశ్చర్యపరిచాడు. పడవెక్కి నెల కాలేదు. గాజు మూత లోంచి బుడగలు చూసి, "అన్నా, ఇది మా బావి మోటరు లెక్కనే గాలి పీకుతున్నది" అన్నాడు. అదే నిజం. ఊళ్లో ఫుట్‌వాల్వు దగ్గరో, సక్షన్ పైపు జాయింటు దగ్గరో సందు ఉంటే మోటరు తిరుగుతుంది గానీ నీళ్లు రావు. ఇక్కడా అంతే. పంపుకి ముందు ఉన్న భాగమంతా లాగే వైపు. అక్కడ సందు ఉంటే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. తడి కనబడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అనుమానం ఉన్న జాయింటు చుట్టూ గట్టి గ్రీజు దట్టంగా పూసి చూడండి. బుడగలు తగ్గితే సందు అక్కడే. క్లాంపు బిగించాక గ్రీజు తుడిచెయ్యండి.

పైపు గురించి కాస్త ఎక్కువ చెప్తాం. ఒక క్రూ బోటు, రెండు ఇంజిన్లు. ఎడమవైపుది వేగం పెంచితే పది నిమిషాల్లో వేడెక్కేది. పంపు రెక్కలు మార్చారు. థర్మోస్టాట్ మార్చారు. హీట్ ఎక్స్ఛేంజరు విప్పి కడిగారు. చివరికి పంపే కొత్తది వేశారు. తగ్గలేదు. రెక్కలు బిగించిన మనిషి సరిగ్గా బిగించలేదని వాటి ఖరీదు అతని జీతంలో పట్టాలన్న మాట కూడా వచ్చింది. చివరికి దొరికింది ఎక్కడంటే స్ట్రెయినరు నుంచి పంపుకి వచ్చే రెండడుగుల రబ్బరు పైపులో. బయటికి కొత్తదానిలా ఉంది. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. నెమ్మదిగా లాగినప్పుడు ఆ నాలుక పక్కకి ఉంటుంది. పంపు గట్టిగా లాగితే వచ్చి దారి మూస్తుంది. ఇంజిన్ ఆపితే మళ్లీ పక్కకి పడుకుంటుంది. విప్పి ఇటు చివర నుంచి అటు వెలుగు చూస్తే బాగానే కనబడుతుంది. వేలు పెట్టి తడిమితేనే దొరుకుతుంది. మాలో షెడ్డులో పని చేసే ఆయన ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుని చేత్తో పట్టుకుని చూశాడు. వేగం పెంచగానే పైపు లోపలికి పీక్కుపోవడం చేతికి తెలిసింది. అలా పీక్కుపోతే పంపుకి ముందు ఎక్కడో అడ్డుంది. లాగే వైపు లోపల తీగచుట్ట ఉన్న పైపే వాడాలి. ఖరీదైన సామాను మూడు మార్చాక చవకైన పైపు ముక్కతో బాగైంది.

పంపు రెక్కల సంగతి. ఆ రబ్బరు ముక్కకి నీళ్లే తడీ, నీళ్లే చల్లదనం. నీళ్లు లేకుండా ఒక నిమిషం తిరిగినా అంచులు మాడిపోతాయి. విప్పినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఆరు ఉండాల్సిన చోట నాలుగుంటే, ఆ రెండు గాలిలో కలిసిపోలేదు. ముందుకి కొట్టుకుపోయి వంపులో గానీ హీట్ ఎక్స్ఛేంజరు నోట్లో గానీ ఇరుక్కుని ఉంటాయి. కొత్త రెక్కలు వేసి పాత ముక్కలు వెతక్కుండా మూసేసిన పడవ మళ్లీ వేడెక్కి తీరుతుంది. రెక్కలు నిండా ఉన్నా మూత పలక మీద గీతలు లోతుగా పడితే నీళ్లు వెనక్కి జారిపోతాయి. నెలల తరబడి నిలబెట్టిన పడవల్లో రెక్కలు వంగిన చోటే వంగి బిగుసుకుపోతాయి. కొత్తవి ఎక్కించేటప్పుడు గ్లిజరిన్ రాయండి, లేకపోతే పాత్రలు కడిగే సబ్బునీళ్లు. గ్రీజు వద్దు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బిపోతాయి. పంపు కింద చిన్న రంధ్రం నుంచి నీళ్ల చుక్కలు పడుతుంటే సీలు పోయిందని అది చెబుతున్నట్టు. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసిన మహానుభావులున్నారు. ఆ నీళ్లు బేరింగులోకి పోతాయి, కొన్ని ఇంజిన్లలో అక్కడి నుంచి ఆయిల్లోకి పోతాయి.

పంపు ఎంత నీరు ఇస్తోందో కొలవడానికి బకెట్టు చాలు. రేవులో కట్టి ఉన్నప్పుడు, ఒకే ఆర్‌పీఎం దగ్గర, వెనక పడే నీళ్లని 20 లీటర్ల బకెట్టులో పట్టి ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూడండి. బాగున్న రోజున కొలిచి రాసిపెట్టుకుంటేనే దీనికి విలువ. రోగం వచ్చాక మొదటిసారి కొలిస్తే దేనితో పోల్చుతారు?

ఇప్పుడు హీట్ ఎక్స్ఛేంజరు. ఈ ప్రసంగం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటామనేవాళ్లు దీన్ని ఉంచుకోండి. ఇంజిన్ పని బరువు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్లు లోపలికి వెళ్లే చోట ఎంత వేడి, బయటికి వచ్చే చోట ఎంత వేడి, గన్నుతో రెండూ కొలవండి. ఇంజిన్ వేడిగా ఉంది, ఉప్పునీళ్లు కూడా వెళ్లినప్పటికంటే బాగా కాగి వస్తున్నాయి అంటే, నీళ్లు తక్కువగా పోతున్నాయి. ఆ కాసిని నీళ్లే వేడంతా మోస్తున్నాయి. వెనక్కి వెళ్లండి: రంధ్రం, స్ట్రెయినరు, పైపు, పంపు. అలా కాకుండా ఇంజిన్ వేడిగా ఉంది, నీళ్లు ధారాళంగా పడుతున్నాయి, కానీ అవి వెళ్లినంత చల్లగానే దాదాపు తిరిగొస్తున్నాయి అంటే, వేడి వాటిని చేరడం లేదు. అప్పుడు పంపు మార్చి లాభం లేదు. గొట్టాల లోపల ఉప్పు పొర కట్టి ఉంటుంది, లేకపోతే లోపలి నీళ్లు సరిగ్గా తిరగడం లేదు. రెండు అంకెలతో సగం ఇంజిన్‌ని అనుమానం నుంచి తీసెయ్యొచ్చు.

గొట్టాలు శుభ్రం చెయ్యడానికి చివరి మూతలు విప్పి సన్నటి చెక్క పుల్లతో పొడవండి. ఇనుప ఊచ పెడితే మెత్తటి రాగి గొట్టం చిల్లు పడుతుంది. యాసిడ్ పని తెలిసినవాళ్లకు వదిలెయ్యండి. అల్యూమినియం ఉన్నచోట యాసిడ్ దాన్ని తినేస్తుంది, ఇంజిన్ రూములో ఆ ఆవిరి మీ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. జింకు పెన్సిలు సగం అరిగితే మార్చండి. అది తాను కరిగిపోతూ రాగిని కాపాడుతుంది. పూర్తిగా అరిగేదాకా ఆగితే తర్వాత కరిగేది గొట్టాలే. ఊడిపడిన జింకు ముక్కలు కూడా దారికి అడ్డం పడతాయి, మూత విప్పినప్పుడు ఏరెయ్యండి.

లోపలి నీళ్ల వైపు చూడాల్సినవి తక్కువే. మట్టం తగ్గిందా, బెల్టు వదులైందా, నీళ్లు మార్చాక గాలి పూర్తిగా తీశారా. మట్టం రోజూ తగ్గుతోంది, బిల్జిలో ఎక్కడా తడి లేదు అంటే, ఎక్స్ఛేంజరు గొట్టం చిల్లు పడి కూలెంట్ సముద్రంలోకి పోతుండొచ్చు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయి సిలిండరులోకి పోతుండొచ్చు. చల్లని ఇంజిన్ మీద మూత తీసి స్టార్టు చేస్తే ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, ఆయిల్ పాల టీ రంగుకి తిరిగిందా చూడండి. అలా ఉంటే ఇంక నడపొద్దు, పెద్ద మెకానిక్‌ని పిలవమని రాసిచ్చెయ్యండి. ఉప్పగా ఉందేమోనని కూలెంట్‌ని నాలుక మీద వేసుకుని చూసే అలవాటు కొందరికి ఉంది. మానెయ్యండి. అది తియ్యగా ఉండే విషం, కిడ్నీలు పాడుచేస్తుంది.

థర్మోస్టాట్ దగ్గర మేము అందరితోనూ గొడవ పడతాం. "ఇది ఎడారి దేశం, థర్మోస్టాట్ ఎందుకు, పీకి పారెయ్" అనేవాళ్లు ప్రతి రేవులోనూ ఉంటారు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకోవడంతో పాటు, నీళ్లు ఎక్స్ఛేంజరుకి పోకుండా తిరిగొచ్చే అడ్డదారిని మూస్తుంది కూడా. దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి తెరిచే ఉంటుంది, వేడినీళ్లు కొన్ని చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తాయి. తగ్గుతుందని పీకితే పెరిగిన సందర్భాలు చూశాం. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరుతో పాటు అందులో వేలాడదీయండి. దాని మీద రాసిన డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలైతే అది మంచిదే, తిరిగి పెట్టెయ్యండి. వంట గిన్నె మాత్రం వాడకండి, గదిలో గొడవలవుతాయి.

దారి చివర పొగ గొట్టం వంపు. లోపల మసి, ఉప్పు కలిసి రాయిలా గడ్డకట్టి, నీళ్లనీ పొగనీ రెండింటినీ నొక్కేస్తుంది. ఇంజిన్ ఊపు తగ్గడం, నల్లపొగ రావడం, వేగంలో వేడెక్కడం ఈ మూడూ కలిసి వస్తే దీన్ని విప్పి చూడండి. అదే మూడు లక్షణాలు ఫ్యానుకి తాడో వలముక్కో చుట్టుకున్నా, పడవ అడుగంతా పెంకులు పట్టినా వస్తాయి. అప్పుడు చల్లదనం వ్యవస్థలో ఏ తప్పూ లేదు, ఇంజిన్ మోయలేని బరువు మోస్తోందంతే. పూర్తిగా తిరగాల్సిన ఆర్‌పీఎం అందుకోకపోతే నీళ్ల కింద చూడాల్సిందే. ఇంజిన్ ఆపి, తాళంచెవి దిగేవాడే తన దగ్గర పెట్టుకుని మరీ.

ఇక జీతం సంగతి. ఈ పని తెలిసినవాడికి ఒక నోటుబుక్కు ఉండాలి. తేదీ, ఇంజిన్ గంటలు, ఆర్‌పీఎం, వేడి, బకెట్టు సెకన్లు, జింకు ఎప్పుడు మార్చారు, ఏ సామాను అడిగారు, ఎప్పుడు వచ్చింది. తెలుగులో రాసినా ఫరవాలేదు, అంకెలు అందరికీ ఒకటే. రెక్కలు మార్చాలని అడిగితే రాలేదనుకోండి, పాత రెక్కల ఫోటో తీసి కంపెనీ వాట్సాప్‌లోనే పెట్టండి. తేదీ దానంతటదే పడుతుంది. ఇక్కడి 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పనిముట్టు పాడైందని జీతంలో కోత పెట్టాలంటే అది పనివాడి తప్పు వల్లో, చెప్పింది వినకపోవడం వల్లో పాడై ఉండాలి, ఆ పైన పనివాడి రాతపూర్వక సమ్మతి ఉండాలి. అందుకే ఇంజిన్ పట్టేసిన రోజు సాయంత్రం ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, అందులో ఏముందో మీ భాష తెలిసినవాళ్లతో చదివించుకోకుండా పెట్టకండి. కోపంగా కాదు, మర్యాదగానే, "రేపు చదివి పెడతాను సార్" అనండి. ఈ వేదిక వాళ్లకి ఆ కాగితం ఫోటో పంపితే చదివి పెడతారు.

చివరిగా ఇంజిన్ రూము. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. ఆ నియమం ఎండ తగిలే పనికి. ఇంజిన్ రూములో ఎండ తగలదు, కానీ ఆపిన ఇంజిన్ వేడితో అక్కడ పై కంటే ఎక్కువ ఉడుకుతుంది. వేడెక్కిన ఇంజిన్‌ని వెంటనే విప్పమంటే, అది చల్లారే గంట ఇంజిన్‌కే కాదు, మీకూ కావాలి. ఒక్కరే దిగకండి, పైన ఒక మనిషి ఉండాలి, పావుగంటకోసారి పేరు పెట్టి పిలవాలి. ఫ్యాను పెట్టుకోండి. చెమట పట్టడం ఆగిపోయి తల తిరిగితే పని అక్కడే వదిలేసి పైకి రండి. పైన ఉన్నవాడు ఆ మనిషిని నీడలో పడుకోబెట్టి ఒళ్లు తడపాలి, అంబులెన్సుకి ఫోను చెయ్యాలి.

చెప్పాల్సింది అయింది. బల్ల మీద రెండు పంపులు తెచ్చి పెట్టాం. ఒకటి బాగున్నది, ఒకటి పోయినది. పక్కన ఆ పైపు ముక్క కూడా ఉంది, లోపల నాలుక అలాగే ఉంది. ఎప్పుడూ విప్పి చూడనివాళ్లు ముందు రండి, అలవాటున్నవాళ్లు వెనక నిలబడండి. చేతులు నల్లబడతాయి, తుడుచుకోవడానికి గుడ్డలు కుర్చీ మీద ఉన్నాయి.